నిట్టాడు గోతిలో నాయనమ్మ

నా చిన్నప్పుడు నాకు జరిగిన అన్యాయాలు చాలావరకు నాకు గుర్తున్నాయి. నా పలక విరగ్గొట్టి, నేనే విరగ్గొట్టుకున్నానని టీచరుగారికి చెప్పిన పిల్ల గుర్తుంది. మేనత్త పెళ్ళిలో నా పక్కవాళ్ళ దాకా వడ్డించి, సరిగ్గా నా దగ్గరికొచ్చేసరికి మాంసం గిన్నె వెనక్కి తిప్పేసిన వంటాయన మీసం కూడా గుర్తుంది. మా పిల్లలు నవ్వుతారు. ఇవన్నీ ఎక్కడ దాచుకుంటావమ్మా అంటారు. దాచుకోవడం ఏముంది, పడ్డచోటే ఉంటాయి. వాటిలో అన్నిటికంటే పెద్దది మా నాయనమ్మ మీద ఉంది. అది చెప్పాలంటే ముందు మా ఇంటి కప్పు గురించి చెప్పాలి.

తిరువూరులో మా ఇల్లు, పక్కింటివాళ్ళ ఇల్లు నిజానికి ఒకే ఇల్లు. పొడవాటి తాటాకు ఇల్లు, నడుమ మట్టిగోడ. గోడ మనిషెత్తు వరకే. పైన కప్పు ఒక్కటే. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకటే వెన్నుదూలం. ఆ దూలాన్ని సరిగ్గా మధ్యలో మోసే నిలువు గుంజను నిట్టాడు అంటారు. మా నిట్టాడు ఆ మట్టిగోడలోనే కలిసిపోయి, సగం వాళ్ళవైపు, సగం మావైపు కనబడేది. వాళ్ళ సగానికి వాళ్ళు లాంతరు తగిలించుకునేవాళ్ళు. మా సగానికి అమ్మ జల్లెడ తగిలించేది. గోడ మీదుగా వాళ్ళ తాలింపు ఘాటు మాకు వచ్చేది, మా నాన్న దగ్గు వాళ్ళకు వెళ్ళేది.

మేము దూది ఏకేవాళ్ళం, సున్నీలం. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడతాం. పక్కింటివాళ్ళు షియాలు, వాళ్ళలో వాళ్ళు ఉర్దూ మాట్లాడుకునేవాళ్ళు. మా వీధంతా ఇలాగే, కొన్ని గడపలు మావి, కొన్ని గడపలు వాళ్ళవి. పక్కింటి మామయ్య టైలరు. పరుపులకు సంచులు ఆయన కుట్టేవాడు, వాటిలో దూది మా నాన్న కూరేవాడు. మా ఊళ్ళోనే కాదు, గంపలగూడెం వైపు పెళ్ళిళ్ళకు కూడా వాళ్ళిద్దరూ చేసిన పరుపులే వెళ్ళేవి. మామయ్య తల్లిని మేమందరం దాదీ అనేవాళ్ళం. మా నాన్నకు చిన్నప్పుడే తండ్రి పోతే, నాయనమ్మ పత్తి చేలకు కూలికి వెళ్ళిన రోజుల్లో మా నాన్నకు అన్నం పెట్టింది ఆ దాదీయే.

మొహర్రం మా రెండు వైపులవాళ్ళకూ ఉంది కానీ ఒకేలా లేదు. మాకు అది పీర్ల పండగ. డప్పులు, పులివేషాలు, నిప్పుల గుండం చుట్టూ ఆటలు, మొక్కులు తీర్చుకోవడానికి వచ్చే ఊళ్ళో హిందువులు, అంతా సందడి. వాళ్ళకు అది పండగ కాదు, చావు. ప్రవక్తగారి మనవడి కోసం, ఆయన వెంట దాహంతో ప్రాణాలు విడిచినవాళ్ళ కోసం, నిన్ననో మొన్ననో జరిగినట్టుగా ఆ పది రోజులూ ఏడ్చేవాళ్ళు. దాదీ నల్లబట్టలు వేసుకుని శోకగీతాలు పాడుతుంటే, మాటలు అర్థం కాకపోయినా గోడకు ఇవతల మా అమ్మ కళ్ళు తుడుచుకునేది.

పదో రోజున మా వీధిలో ఒక ఆనవాయితీ ఉండేది. డప్పులు కొట్టుకుంటూ వచ్చే మా మగవాళ్ళు, షియాల గుమ్మాల దగ్గరికి రాగానే డప్పులు చంకలో పెట్టుకునేవాళ్ళు. ఆ గుమ్మాలు దాటేదాకా చప్పుడు లేకుండా నడిచి, దాటాక మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు. ఇంకొకటి కూడా ఉండేది. ఆ రోజు మా ఇంట్లో కలిపిన బెల్లం షర్బత్‌లో మొదటి గ్లాసు పక్కింటికి వెళ్ళేది. నాకు నడక వచ్చినప్పటి నుంచి దాన్ని తీసుకువెళ్ళేది నేనే. మామయ్య నా ఎదురుగా గొంతుక్కూర్చుని, నా మొహంలోకి చూస్తూ తాగేసి, "చల్లగా ఉండు బేటీ" అనేవాడు. ఆ మాట కోసం నేను ఏడాదంతా ఎదురుచూసేదాన్ని.

నేను చెప్పే ఏడాది మొహర్రం రోహిణి ఎండల్లో వచ్చింది. అంతకుముందు చలికాలంలో దాదీ పోయింది. ఆవిడ లేని లోటు తెలియకూడదని కాబోలు, వాళ్ళు బయటి ఊరి నుంచి ఒకాయనను ప్రసంగానికి పిలిపించుకున్నారు. ఆయన ఆ ప్రసంగంలో మేము గౌరవించే పెద్దల గురించి ఒక మాట తేలిగ్గా అన్నాడట. చెవులారా విన్నవాళ్ళు తక్కువ. సాయంత్రానికి మాత్రం మా వైపు ఇళ్ళన్నీ విన్నాయి.

పదో రోజున మావాళ్ళు డప్పులు చంకలో పెట్టుకోలేదు. పక్కింటి గుమ్మానికి ఎదురుగా నిలబడి మరీ కొట్టారు. ముందు వరుసలో మా నాన్న ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే నేను షర్బత్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వెళ్ళాను. అవతల డప్పులు మోగుతుంటే ఎందుకు వెళ్ళావని తరవాత అందరూ నన్నే అడిగారు. ప్రతి ఏడూ వెళ్ళేదాన్ని కాబట్టి వెళ్ళాను. మామయ్య గుమ్మంలో నిలబడి వీధి వైపే చూస్తున్నాడు. నా చేతుల్లోంచి కాదు, గాలిలోంచి అందుకున్నట్టు గ్లాసు అందుకుని, మా వాళ్ళందరూ చూస్తుండగా నేల మీద పారబోశాడు. సగం నా కొత్త పరికిణీ మీద పడింది. ఆ జిగట ఇప్పటికీ నా మోకాళ్ళకు తెలుసు.

ఆ తరవాత తోపులాట, రాళ్ళు. గుండం దగ్గర ఎవరి కాలు తగిలిందో, ఎవరు తన్నారో, ఒక మండే మొద్దు దొర్లింది. పడమటి గాలి నిప్పుల్ని ఎత్తుకుని మా కప్పు మీద వేసింది. ఎండిన తాటాకు సంగతి చెప్పేదేముంది. మనుషులందరూ బయటపడ్డారు, అదొక్కటే మేలు. పొద్దు గుంకేసరికి మా వీధిలో సగం ఇళ్ళకు గోడలు మిగిలాయి, కప్పులు లేవు. మా వెన్నుదూలం రెండుగా విరిగి, ఒక ముక్క అటు, ఒక ముక్క ఇటు పడి ఉంది. అమ్మకు అప్పటికే నెలలు నిండాయి.

వేసవి సెలవులు కాబట్టి అందరం బడి వరండాలోకి చేరాం. ఈ చివర మేము, ఆ చివర వాళ్ళు. మధ్యలో నీళ్ళకుండ ఒక్కటే, దాని మీద చెంబులు మాత్రం రెండు. మామయ్య కూతురు, నేను ఒకే వయసువాళ్ళం. నీళ్ళ కోసం ఒకేసారి వెళ్ళినా ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు.

మా ఊళ్ళో బియ్యం మిల్లు షావుకారు మంచి మనిషి. మా గతి చూసి, దూలాలకు కర్ర తానిస్తానన్నాడు, తాటాకు బళ్ళు తెప్పిస్తానన్నాడు. రెండు వైపులవాళ్ళనూ కూర్చోబెట్టి, "జరిగిందేదో జరిగిపోయింది, ఇంక అన్నీ మర్చిపోండయ్యా. తొలకరి వచ్చేస్తుంది, ముందు కప్పులు లేపుకోండి" అన్నాడు. అందరూ తలలు ఊపారు. మరిచిపోవడానికి పెద్దవాళ్ళు అంత తొందరగా ఒప్పుకోవడం నేను అదే మొదటిసారి చూడటం. నాకు మాత్రం మరిచిపోవడం చేతకాలేదు. తలలు ఊపినవాళ్ళకు కూడా చేతకాలేదని మర్నాడే తెలిసింది. కర్ర పంచుకునే దగ్గర మా నాన్న, మామయ్య చెరొక వడ్రంగికి వేరువేరుగా ఒకే మాట చెప్పారు. దూలం ఒకటి వద్దు, రెండు పొట్టి దూలాలు చేయండి, మధ్యలో మనిషి పట్టేంత సందు వదలండి అని. మిగతా ఇళ్ళవాళ్ళూ అదే చూసి అదే అడుగుతున్నారు.

మా నాయనమ్మ ఆ మాట విన్నట్టు ఎవరికీ తెలియదు. పొద్దున్నే వడ్రంగులు వచ్చేసరికి, కాలిపోయిన నిట్టాడును పెకలించిన గోతిలోకి దిగి కూర్చుంది. నడుంలోతు గొయ్యి. పైకి ఆవిడ తల, మెడలో తాయెత్తు, చేతిలో తాటాకు విసనకర్ర కనబడుతున్నాయి.

"ఇదేంటమ్మా! లే. పనోళ్ళు వచ్చారు," అన్నాడు మా నాన్న.

"పనోళ్ళకి మజ్జిగ ఇప్పించు. నేను లేవను."

"వానొచ్చుద్దే!"

"వస్తే తడుస్తా. ఉప్పుగల్లునా, కరిగిపోడానికి?"

అటువైపు నుంచి మామయ్య కూడా వచ్చి బతిమాలాడు. ఆయన నాయనమ్మను పెద్దమ్మా అని పిలిచేవాడు. ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "మర్చిపోయామన్నారు కదరా. ఏం మర్చిపోయారో చెప్పండి మరి. మీ బాధ కాదు, అవతలోళ్ళది. వాళ్ళకి మీ మీద ఉన్న బాధేంటో మీరు చెప్పాలి, వాళ్ళు 'అదే' అనాలి. మీ బాధేంటో వాళ్ళు చెప్పాలి, మీరు 'అదే' అనాలి. అప్పుడు లేస్తా. ఇందులో గుంజ దింపుకోండి" అంది.

"ఇదేం పంచాయితీ పెద్దమ్మా? పెద్దమనుషులు లేరు, తప్పు కట్టేది లేదు," అన్నారెవరో.

"తప్పు ఎవడు కట్టమన్నాడు? నోళ్ళున్నాయిగా, అవి చాలు."

మొదట అందరూ నవ్వుకున్నారు. మధ్యాహ్నానికి నవ్వులు తగ్గాయి. ముసలావిడను ఎత్తి అవతల పెట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు. చివరికి మా వైపు నుంచి ఒక పెద్దాయన గొంతు సవరించుకుని, "వాళ్ళ బాధేముంది, మేం పదిమందిమి ఎక్కువున్నామని కుళ్ళు" అన్నాడు. అటు నుంచి అందరూ ఒక్కసారే "కాదు" అన్నారు. "మీ బాధేంటో మాకు తెలీదా, మేం ఏడిస్తే మీ పండగ కళ తగ్గిపోద్దని" అన్నారు వాళ్ళు. మావాళ్ళు ఇంకా గట్టిగా "కాదు" అన్నారు. నాయనమ్మ విసనకర్ర ఆపి, "బాధ చెప్పమంటే తిట్లు చెబుతున్నారేంట్రా. రేపు రండి" అంది.

చీకటి పడ్డాక వరండాకు వచ్చి పడుకునేది. తెల్లారకముందే మళ్ళీ గోతిలో ఉండేది. అమ్మ బడి స్తంభానికి ఆనుకుని, పొట్ట మీద చేతులు పెట్టుకుని, "నా పురిటికి ఇల్లు కట్టమంటే ఈవిడ కోర్టు పెట్టింది" అని గొణుక్కునేది. ఆ కోపం నాకూ అంటుకుంది. మబ్బులు కనబడినప్పుడల్లా నేను గోతి దగ్గరికి వెళ్ళి, "నాయనమ్మా, మబ్బు" అని గట్టిగా చెప్పి వచ్చేదాన్ని. ఆవిడ పైకి కూడా చూసేది కాదు.

ఒక పూట షియాల వైపు నుంచి వాళ్ళ పెద్దాయన ఒకడే వచ్చి గోతి గట్టు మీద కూర్చున్నాడు. ఆయన మాట మెల్లగా ఉండేది. "మేం పిలిస్తే వచ్చినోడు, మా గుమ్మంలో నిలబడి మీ పెద్దల్ని మాటన్నాడు. మేమంతా అక్కడే ఉన్నాం. ఒక్కడం కూడా ఆపమని అనలేదు" అన్నాడు. మా వైపు నుంచి మొన్న కుళ్ళు అన్న పెద్దాయనే, "అదే. అన్నోడి మీద కాదు, వాడెవడో. ఊరుకున్నోళ్ళ మీద" అన్నాడు.

అప్పటి నుంచి పని కాస్త కదిలింది. జనం నిజంగా ఆలోచించడం మొదలుపెట్టారు. కానీ మా నాన్న, మామయ్య మాత్రం చెరోపక్క నిలబడి నేల చూస్తూనే ఉన్నారు. వాళ్ళిద్దరి మధ్య ఉన్నది ఊరందరి బాధలోకి రాదు.

నాయనమ్మ నన్ను పిలిచింది. "దీనిది కూడా ఒకటుంది. అబ్బాయ్, దీని బాధేంటో నువ్వు చెప్పు," అంది మామయ్యతో. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నేను అప్పటికి ఎన్ని రోజులుగానో ఆ పిలుపు కోసమే చూస్తున్నాను.

మామయ్య కూడా కొంచెం నవ్వాడు. "షర్బత్ ఒలకబోశానని."

"కాదు," అన్నాను.

"కొత్త పరికిణీ పాడైందని. నేనే కుట్టిస్తాలే బేటీ."

"కాదు."

"అమ్మో, గట్టిదే! అందరి ముందూ పారబోశాననా?"

అది కొంచెం దగ్గరగా ఉంది. అయినా కాదన్నాను. నవ్వులు ఆగిపోయాయి. నాకు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి కానీ నోరు తెరిచి చెప్పకూడదు. చెబితే అది నా మాటే అవుతుంది, ఆయన మాట కాదు. ఆయన నా మొహంలోకి చూశాడు. చూస్తూ చూస్తూ మెల్లగా గొంతుక్కూర్చున్నాడు, ప్రతి ఏడూ కూర్చున్నట్టే. అప్పుడు ఆయన మొహం మారింది.

"తెచ్చిందెవరో చూడలేదు," అన్నాడు. "గ్లాసే చూశాను. నిన్ను చూడలేదు."

"అదే," అన్నాను. ఆ మాట అన్నాక నాకు కలిగిన హాయి ఇంతవరకూ ఏ క్షమాపణలోనూ దొరకలేదు.

నాయనమ్మ మా నాన్న వైపు తిరిగింది. "ఇంక నీ వంతు."

"డప్పు చంకలో పెట్టుకోలేదని," అన్నాడు నాన్న.

మామయ్య లేవకుండానే తల అడ్డంగా ఊపాడు.

"గుమ్మం ముందు నిలబడి కొట్టామని."

మళ్ళీ అడ్డంగానే. మా నాన్న మొండివాడు. ఆ మొండితనం నాకు ఆయన దగ్గర నుంచే వచ్చింది. పెదవులు బిగించి, విరిగిన దూలం ముక్క మీద కాలు వేసి నిలబడ్డాడు. అప్పుడు అమ్మ, తాటాకు తెచ్చిన బండి నీడలో కూర్చున్నచోటు నుంచే, "చెప్పవయ్యా. నీకు తెలుసు, నాకూ తెలుసు. ఆ గోడకి అటూ ఇటూ తెలీనిదేముంది?" అంది. రొప్పుతోంది. నొప్పులు అప్పుడే మొదలయ్యాయేమో, మాకెవరికీ చెప్పలేదు.

నాన్న దూలం మీంచి కాలు తీశాడు. "దాదీ లేని మొదటి ఏడు. ఆ ఇంట్లో ఆవిడ కోసం కూడా ఏడుస్తున్నారు. ఇంకెవరు కొట్టినా ఓర్చుకునేవాడివి. ఆవిడ చేతి అన్నం తిన్నోణ్ణి నేను కొట్టాను."

మామయ్య "అదే" అనలేదు. తల మాత్రం ఊపాడు. నాయనమ్మ ఊరుకోలేదు. "తల ఊపితే ఒప్పను. మొన్న షావుకారు ముందు కూడా ఊపారు అందరూ," అంది. అప్పుడు ఆయన అన్నాడు.

"సరే. లాగండి," అంది నాయనమ్మ. కూర్చుని కూర్చుని కాళ్ళు తిమ్మిరెక్కి, లేవలేకపోయింది. "చూస్తారేంట్రా, గుమ్మడికాయల్లా నిలబడి!" అని అరిస్తే, ఒక చెయ్యి మా నాన్న, ఒక చెయ్యి మామయ్య పట్టుకుని పైకి లాగారు. ఆ సాయంత్రమే గుంజ దిగింది. పొట్టి దూలాల మాట ఎవరూ ఎత్తలేదు. పొడుగాటి దూలం ఒకటే, అవతలి చివర వాళ్ళు, ఇవతలి చివర మావాళ్ళు ఎత్తారు.

ఇది ఇక్కడితో అయిపోతే బాగుండేది. చాలామందికి నేను ఇక్కడివరకే చెబుతాను.

గుంజ పాతిన మర్నాడే తొలకరి కురిసింది. వాసాలు కట్టారు గానీ తాటాకు ఇంకా కప్పలేదు. అమ్మ బడి వరండాలోనే ప్రసవించింది. జల్లు లోపలికి కొడుతుంటే, మామయ్య భార్య పరుపుల సంచి గుడ్డ తెచ్చి ఒక కొస తాను పట్టుకుని, రెండో కొస మా వాళ్ళ చేతికిచ్చి అడ్డం నిలబడింది. తమ్ముడు క్షేమంగానే పుట్టాడు. అమ్మకు మాత్రం ఆ తడి నేల మీద పట్టిన నడుంనొప్పి చచ్చిపోయేదాకా వదల్లేదు. ముసురు పట్టినప్పుడల్లా గోడ పట్టుకుని లేచేది. నాయనమ్మ గోతిలో కూర్చోకుండా ఉంటే, నా తమ్ముడు ఇంటి కప్పు కింద పుట్టేవాడు, అమ్మ నిటారుగా నడిచేది. ఇదీ ఆవిడ మీద నా ఫిర్యాదు.

ఒకసారి, నేను పెళ్ళీడుకు వచ్చాక, ముఖం మీదే అనేశాను. నాయనమ్మ అప్పటికి మంచంలో ఉంది. కోప్పడలేదు. "నీది నాకు తెలుసు. అమ్మ నడుం. అదేగా?" అంది. అదే అన్నాను. "మరి నాదేంటో నువ్వు చెప్పు చూద్దాం," అంది. నాకు ఒళ్ళు మండి, లేచి బయటికి వచ్చేశాను. ఆ తరవాత ఎక్కువ రోజులు బతకలేదు.

ఇప్పుడు ఆ వీధిలో తాటాకు ఇళ్ళు లేవు. మా చోట డాబా ఉంది, పక్కన మామయ్య మనవళ్ళ డాబా ఉంది. గోడలు ఎవరివి వాళ్ళవి. పదో రోజున ఆ గుమ్మాల దగ్గర డప్పు ఇంకా చంకలోకే వెళుతుంది, ఎందుకో తెలియని కుర్రవాళ్ళ చంకల్లోకి కూడా. ఆ మొద్దు తన్నిందెవరో ఇంతవరకూ తేలలేదు. నాయనమ్మ అది అడగనే లేదు.

నేను ఈ వయసులో కూడా ఎవరినీ తేలిగ్గా వదలను. మా వెనకింటాయన మురుగుకాలవ మా వైపు తిప్పాడని పోయిన వానాకాలం నుంచి ఆయన గుమ్మం చుట్టూ తిరుగుతున్నాను. కానీ ఆయన ఎదురుగా కూర్చున్న రోజున ముందు ఆయన బాధ నేను చెప్పాను. మొదట తప్పు చెప్పాను, రెండోసారీ తప్పు చెప్పాను. ఆయన "అదే" అన్నాకే నాది బయటపెట్టాను. కాలవ సంగతి ఇంకా తేలలేదు, ఇప్పుడు ఇద్దరం కలిసి మున్సిపల్ ఆఫీసుకు వెళుతున్నాం.

పోయినవాళ్ళను తలుచుకునే షబే బరాత్ రోజున మావాళ్ళు కబరస్తాన్‌కు వెళతారు. మా ఆడవాళ్ళం లోపలికి వెళ్ళం. తమ్ముడు లోపలికి వెళ్ళి నాయనమ్మ సమాధి మీద పూలు వేస్తాడు, నేను గోడ బయట నిలబడతాను. నిలబడి, ఆవిడ అడిగినదానికి ప్రతి ఏడూ ఒక జవాబు చెబుతాను. రెండు కప్పులు లేస్తే నీ కొడుకు కూరే దూదికి సంచి కుట్టేవాడు ఉండడని కదా నీ బాధ, అన్నాను ఒక ఏడు. కొడుకును పెంచిన దాదీ లేదు, ఆవిడ ఇంటికి నువ్వే పెద్దదిక్కువని కదా, అన్నాను ఇంకొక ఏడు. ఈ ఏడు ఇలా అన్నాను: అందరి బాధలూ అందరి చేతా చెప్పించావు. నెలలు నిండిన కోడల్ని చూస్తూ ఆ గోతిలో కూర్చున్నదానికి నొప్పి ఉందా అని మాలో ఒక్కరమూ అడగలేదు.

చెప్పి, గోడకు చెవి దగ్గరగా పెట్టి నిలబడ్డాను, "అదే" అంటుందేమోనని. లోపల తమ్ముడు దువా చదువుకుంటున్న చప్పుడు ఒక్కటే వినబడింది.